లేని అధ్యాయం చదివిన రోజు

బైబిల్లో ఆ చిన్న గ్రంథం నాలుగో అధ్యాయం చివరి వచనం మీద వేలు పెట్టి పేజీ తిప్పాను. అవతల ఐదో అధ్యాయం లేదు. ఇంకో గ్రంథం మొదలైంది. పేజీలు అంటుకున్నాయేమోనని గోరుతో విడదీసి చూశాను. వెలుతురు చాలక అలా కనిపిస్తోందేమోనని గడప దగ్గరికి వెళ్ళి చూశాను. పేజీల అడుగున అంకెలు వరసగానే ఉన్నాయి, ఒక్కటీ ఎగిరిపోలేదు. నా పక్కన నిలబడిన ఆమె నా భుజం మీదుగా తొంగిచూస్తూ, "దొరికిందా అక్కా?" అంది.

ఆ ఐదో అధ్యాయం చదివానని ముందురోజు తెల్లవారుజామునే రాసి మా సంఘంలోని ఆడవాళ్ళందరికీ పంపించినదాన్ని నేను.

మాది అశ్వారావుపేట దగ్గర పల్లె. ఇంటి నుంచి ఏ దిక్కు నడిచినా పామాయిల్ తోటలే వస్తాయి. మా ఆయన గెలల ట్రాక్టరు నడుపుతాడు, నేను ఇంట్లో కుట్టుమిషను మీద జాకెట్లు కుడతాను. బడి మొహం చూడలేదు. నాకు అక్షరాలు నేర్పింది మా నాయనమ్మ, చాటలో బియ్యం పరిచి, వేలితో రాయించి. చదవడం వచ్చాక నేను చదివిన మొదటి పుస్తకం బైబిలే, చాలా ఏళ్ళు చదివింది అదొక్కటే. బస్సు బోర్డు చదవలేక పక్కవాళ్ళ మొహాలు చూసే ఆడవాళ్ళను చూసినప్పుడల్లా ఆ మేలు గుర్తొచ్చి దేవునికి స్తోత్రం చెప్పుకుంటాను.

కొత్త సంవత్సరం కూడికలో మా పాస్టరమ్మ గారు ఒక ఏర్పాటు పెట్టారు. రోజుకో అధ్యాయం, సృష్టి మొదలుకొని వరసగా. పొద్దున ఐదింటికల్లా ఆమె ఫోన్ గ్రూపులో ఆ రోజు ఏ అధ్యాయమో పెడతారు. చదివినవాళ్ళు కింద "చదివాను" అని రాయాలి. వారమంతా ఒక్కరోజూ తప్పనివాళ్ళను ఆదివారం నిలబెట్టి చప్పట్లు కొట్టిస్తారు. ఎనిమిది నెలలుగా ప్రతి ఆదివారం నేను నిలబడ్డాను. నిలబడి తల వంచుకునేదాన్ని కూడా, వినయంగా కనిపించాలని కాదు, నిజంగానే సిగ్గుపడి. ఆ సిగ్గు దేనికో అప్పుడు ఆలోచించలేదు.

ఆ సాయంత్రం నా పక్కన నిలబడిన ఆమెది మా వెనక వీధి. నాకంటే పదేళ్ళు చిన్నది. తోటల్లో పండ్లేరుతుంది. గెల కోసినప్పుడు నేల మీద పడి చెల్లాచెదురయ్యే పండ్లను పొద్దంతా నడుం వంచి ఏరి సంచుల్లోకి ఎత్తాలి. జాకెట్ కుట్టించుకోవడానికి వచ్చి, నేను చదువుకుంటుంటే గుమ్మంలో నిలబడి విన్నది. కుట్టు అయిపోయినా వెళ్ళలేదు. "నాకు గూడ నేర్పుతవా అక్కా?" అంది. అలా మొదలై ఏడాదిన్నర పట్టింది ఆమెకు పేజీ చదవడానికి. నేను నేర్చుకున్నట్టే చాటలో నేర్పాను. వాళ్ళింట్లో వాళ్ళతో పర్ణశాల వెళ్ళి తిరిగి వస్తూ, భద్రాచలం బస్టాండ్ పక్కన కొట్టులో తన కూలి డబ్బుతో బైబిల్ కొనుక్కుంది. మా మందిరానికి వాళ్ళింట్లో నుంచి ఆమె ఒక్కతే వస్తుంది. భర్త వద్దనడు, కానీ నవ్వుతాడు. పెద్ద చదువులు చదువుతున్న కలెక్టరమ్మ అంటాడు.

ఆమెకు ఒక్కో అధ్యాయం గంట పడుతుంది. తోటలో అన్నం తిన్నాక చదివేది. రాయడం ఇంకా సరిగ్గా రాదు కాబట్టి గ్రూపులో దండం బొమ్మ పెట్టేది. అందరికంటే చివర, మధ్యాహ్నం దాటాక. "మన చెల్లిది గూడ్సు బండి, ఆలస్యమైనా చేరుతుంది" అని పాస్టరమ్మ గారు ఆటపట్టించేవారు. ఆమె అందరితో పాటు నవ్వేది.

ఇక ఆ మంగళవారం. తెల్లవారుజామునే వాన. వానాకాలంలో గెలలు ఎక్కువ దిగుతాయి, మిల్లు ముందు ట్రాక్టర్ల వరస పెరుగుతుంది, అందుకని మా ఆయన నాలుగున్నరకే లేచాడు. నేను ఒక పొయ్యి మీద అన్నం పెట్టి టమాటాలు కోస్తున్నాను. ఫోను టింగుమంది. కోసిన చేలో రాలిన పరిగె ఏరుకొచ్చి అత్తను పోషించిన కోడలి కథ ఉంది చూడండి, ఆ చిన్న గ్రంథం. దాని ఐదో అధ్యాయం అని వచ్చింది. తడి చెయ్యి కొంగుకు తుడుచుకుని "చ" అని నొక్కాను. మిగతాదంతా ఫోనే తెచ్చిపెట్టింది. "చదివాను. ఆమెన్. ఈ అధ్యాయం ద్వారా దేవుడు నాతో మాట్లాడాడు." రోజూ అదే రాస్తాను కనుక దానికి అలవాటైపోయింది. పంపించాను. నాదే మొదటిది. పాస్టరమ్మ గారు వెంటనే చప్పట్ల బొమ్మ పెట్టారు.

అబద్ధమాడుతున్నాననిపించలేదు. అన్నం దించాక చదువుకుంటానులే అనుకున్నాను. ఆ అనుకోవడం కూడా రోజూ ఉన్నదే.

నల్లా దగ్గర బిందె పెట్టుకుని నిలబడితే ఆమె వచ్చింది.

"అక్కా, అప్పుడే చదివినవట గదా. ఐదోదాంట్ల ఏముంది? ముసలామె సచ్చిపోతదా?"

"ఏ ముసలామె?" అన్నాను.

"గదే అక్కా, అత్త! నిన్ననే మనుమణ్ణి ఒళ్ళ ఎత్తుకున్నది. మొగడు పాయె, ఇద్దరు కొడుకులు పాయె. గిన్ని తిప్పలు పడ్డంక ఇప్పుడే జర నవ్వుతుంది. జల్దీ సంపకు దేవుడా అని మొక్కుకుంటున్న."

వరసలో ఉన్న ఆడవాళ్ళు నవ్వారు. "పండ్లేరేదానికి పరిగేరేదాని మీదనే పానమంత," అంది ఎవరో.

నా బిందె నిండుతోంది. ఇంటి దగ్గర అన్నం మాడుతుందేమోనని నా ధ్యాస.

"చదువు చెల్లె, మంచిగుంటది," అన్నాను.

"సావదు గదా?"

"అవ్, సావదు. నువ్వు చదువు."

బిందె చంకకెత్తుకుని వచ్చేశాను. ఇప్పుడు ఆ మాట రాస్తుంటే కూడా చెవులు వేడెక్కుతున్నాయి. లేని అధ్యాయంలో ఒక మనిషిని బతికించి వచ్చాను నేను.

బుధవారం సాయంత్రం, దీపాలు పెట్టే వేళకు ఆమె వచ్చింది. పాదాల నిండా బురద, చీర అంచు తడిసి కాళ్ళకు చుట్టుకుంది. చంకలో ప్లాస్టిక్ కవరు, దాంట్లో బైబిల్. గడప బయటే నిలబడింది.

"ఇయ్యాల తోటకు పోలేదా?" అన్నాను.

"పోలే. భద్రాచలం పోయొచ్చిన."

"భద్రాచలమా? ఎందుకే?"

"నా బుక్కుల ఐదోది లేదక్కా. నిన్న తోటల అన్నం తిన్నంక తీసిన. నాలుగైనంక వేరే కథ మొదలైంది. పేజీ ఊడిందేమో అని బుక్కు దులిపిన, సంచి దులిపిన. అందరు చదివినమని పెట్టిరి, నువ్వు మంచిగుందంటివి. మరి నా బుక్కుకే ఏమొచ్చింది? కొన్నది ఆన్నే గదా, గందుకే పట్టుకపోయిన."

నేను ఇంకా నవ్వుమొహంతోనే వింటున్నాను. పేజీ ఊడిన పుస్తకం అమ్మాడు పాపం అనుకుంటూ.

"కొట్టాయన్ని అడిగిన. పేజీలు తక్కువున్నదిచ్చినవ్, మార్చియ్యమన్న. బుక్కు చూసి నవ్విండు. 'ఇది గింతేనమ్మా, నాలుగే' అన్నడు. నాకు మస్తు కోపమొచ్చింది. చదువు రానిదాన్ననుకుంటున్నవా, మా అక్క చదివింది, మా సంఘమంత చదివిన్రు అన్న. ఆడున్నోళ్ళంత నవ్విన్రు. ఇంకో నాలుగు బుక్కులు తీసి ముందల పెట్టిండు. అన్నిట్ల నాలుగే. అన్ని ఒక్క తాననే తెచ్చి అమ్ముతున్నడేమో అనుకున్న. నీది మీ నాయనమ్మ బుక్కు గదా, పాతది. దాంట్ల ఉంటది. చూపెట్టక్కా, మనసు నిమ్మలమైతది."

చేతులు కడుక్కుని, బీరువా మీది నుంచి పుస్తకం దించి, తెరిచాను. ఆ తర్వాతిది మొదట్లోనే చెప్పాను.

"దొరికిందా అక్కా?" అని ఆమె మళ్ళీ అడిగింది.

"వెలుతురు లేదు చెల్లె. పొద్దున చూసి చెప్తలే," అన్నాను.

ఆమె నా మొహం వైపు చూసి, "అవ్, నీ కండ్లు గూడ అలిసినట్టున్నయ్. పొద్దంత కుడ్తవు గదా," అంది. నా మీద జాలిపడి వెళ్ళింది.

ఆమె వీధి మలుపు తిరిగేదాకా చూసి లోపలికి వచ్చి చాప మీద కూలబడ్డాను. ఆ నాలుగు అధ్యాయాల కథ నాకు తెలియనిది కాదు, చిన్నప్పుడు నాయనమ్మ ఒళ్ళో కూర్చుని చదివిందే. అది నాలుగింటితో అయిపోతుందని నా వేలికి తెలుసు. మరి ఐదు అన్న అంకె చూసి నేనెందుకు ఉలిక్కిపడలేదు? నేను ఆ అంకెను చూడనే లేదు కాబట్టి.

అప్పుడు పుస్తకంలోని రిబ్బను ఎక్కడుందో వెతికాను. రోజూ చదివినంతవరకు పెట్టుకునే రిబ్బను. అది చాలా వెనక, యాజకులు చర్మవ్యాధులను ఎలా పరీక్షించాలో చెప్పే చోట ఉంది. దాని పక్కన నా చేతిరాతతో ఒక చీటీ, ఎవరిదో పెళ్ళి జాకెట్ కొలతలు. ఎండాకాలం ముహూర్తాలప్పటి చీటీ. యాజకుడి అంగీ కొలతలున్న అధ్యాయం నాకు బాగా గుర్తుంది. కుట్టుపని చేసేదాన్ని, అంచుకు గంటలు ఎలా కుట్టి ఉంటారా అని రెండుసార్లు చదివాను. అక్కడి నుంచి చర్మవ్యాధుల దాకా. ఆ తర్వాత ఏమీ గుర్తులేదు, ఎందుకంటే ఆ తర్వాత ఏమీ లేదు.

నాలుగు నెలలు! ఫోను తీసి వెనక్కి జరుపుతూ పోయాను. చదివాను. ఆమెన్. దేవుడు నాతో మాట్లాడాడు. చదివాను. ఆమెన్. దేవుడు నాతో మాట్లాడాడు. ఒక్కరోజు ఖాళీ లేదు. చనిపోయినవాళ్ళ పేరు మీద ఇంకా ఉత్తరాలు వస్తున్నట్టు అనిపించింది. మానేసిన రోజేదో కూడా నాకు తెలియదు. మానేయాలని అనుకుని మానేసి ఉంటే ఆ రోజు గుర్తుండేది. మొదట చదివి పంపేదాన్ని. తర్వాత మొదటి పేరు నాదే ఉండాలని ముందు పంపి వెనక చదివేదాన్ని. ఆ తర్వాత వెనకది ఎప్పుడు జారిపోయిందో, పెళ్ళిళ్ళ జాకెట్ల కింద ఎక్కడ పడిపోయిందో. ప్రార్థన కూడా అంతేనా? పొద్దున కూర తరుగుతూ పెదాలు కదుపుతున్నాను కదా, అవి ఏం మాటలు? గుర్తు తెచ్చుకోబోతే రాలేదు. ఎప్పుడూ నోటి మీద ఉండే స్తోత్రం కూడా ఆ సాయంత్రం రాలేదు.

మా ఆయన వచ్చి కంచం ముందు కూర్చుని, "ఏమైందే, గట్ల కూసున్నవ్?" అన్నాడు. చెప్పాను. రెండు ముద్దలు తిన్నాక అన్నాడు:

"నువ్వు చదవట్లేదని నాకెర్కే."

"ఎర్కనా? ఎప్పటి నుంచి?"

"ఎండల కాలం నుంచి. మునుపు నువ్వు చదివితే పక్కింటి దాక వినొచ్చేది. ట్రాక్టరుకు నీళ్ళు పోసుకుంట నేను గూడ వినేటోణ్ణి. ఇప్పుడు ఫోను టింగుమంటది, గంతే."

"ఎరిక ఉంటే చెప్పొద్దా?"

"ఆదివారం నువ్వు నిలబడ్తే జనమంత చప్పట్లు కొడ్తున్రు. నేనొక్కణ్ణి లేచి ఏం చెప్పాలె?" అన్నాడు. కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. పచ్చడి అడిగి వేసుకున్నాడు. అది ఇంకా భయపెట్టింది నన్ను. నా ఇంట్లో నా పక్కనే కూర్చున్న మనిషికి నాలుగు నెలలుగా తెలిసిన సంగతి నాకు తెలియదు.

మర్నాడు పొద్దున్నే పాస్టరమ్మ గారికి ఫోన్ చేశాను. వందనాలు చెప్పుకున్నాక, ఆ గ్రంథానికి ఐదో అధ్యాయం లేదు కదమ్మా అన్నాను. అటువైపు పేజీలు తిప్పుతున్న చప్పుడు.

"నెలంతటికీ క్యాలెండరు మీద ముందే రాసి పెట్టుకుంటానమ్మా. ఒకటి ఎక్కువ రాసినట్టున్నాను," అన్నారు. నేను అడగకుండానే, "నేను కూడా చదివానని పెట్టాను కదా," అన్నారు. ఆ గొంతు నాకు తెలిసిన గొంతులా లేదు. చిన్నపిల్ల గొంతులా ఉంది.

ఎంతమంది పెట్టారో ఇద్దరం ఫోన్లోనే లెక్కపెట్టాం. ఇరవై దాటాక ఆపేశాం. ఆ రోజు ఏమీ పెట్టనివాళ్ళను వెతికితే తేలింది ఒక్కతే, పండ్లేరే చెల్లి.

"ఒక పని చేద్దామా," అన్నారు ఆమె నెమ్మదిగా. "అంకె తప్పు పడింది, అందరం తర్వాతి గ్రంథం మొదటి అధ్యాయం చదివేశాం అని చెప్దాం. ఆ అమ్మాయికీ అదే చెప్పు. ఆదివారం నీ సాక్ష్యం కూడా పెట్టుకున్నాం కదమ్మా, రోజూ తప్పకుండా ఎలా చదువుతున్నావో చెప్పమని. ఇప్పుడు ఇదంతా బయటపడితే కొత్తగా వచ్చినవాళ్ళు ఏమనుకుంటారు?"

ఆమె చెడ్డ మనిషి కాదు. నా కాన్పప్పుడు మూడు రోజులు దవాఖానాలో నా దగ్గరే ఉండి చూసుకున్నారు. ఆమె భయమే నా భయం. "సరేనమ్మా," అన్నాను. ఆ మాట అంత తేలిగ్గా వచ్చినందుకు ఫోను పెట్టేశాక నా నోటిని చేత్తో మూసుకున్నాను.

వెనక వీధికి నడుస్తూ దారిపొడవునా ఆ వాక్యాన్ని సిద్ధం చేసుకున్నాను. అంకె తప్పు పడ్డది చెల్లె, మేమంత తర్వాతిది చదివినం. చిన్న వాక్యమే. ఎవరికీ నష్టం లేదు. వాళ్ళ వాకిట్లోకి వెళ్ళేసరికి భర్త మంచం మీద కూర్చుని టీ తాగుతున్నాడు. ఆమె సద్ది కట్టుకుంటోంది.

"ఏమక్కా," అన్నాడతను, "మా కలెక్టరమ్మ బుక్కుల పేజీలు ఎలుకలు తిన్నయా? ఒక దినం కూలి పాయె, బస్సు కిరాయి పాయె. కొట్టోడు నవ్విండట, బస్సుల గూడ నవ్విన్రట. మీ చర్చోళ్ళంత కలిసి దీన్ని పిచ్చిదాన్ని చేసిన్రని నేనంటున్న. లేదు, మా అక్క చదివింది అంటది. పొద్దటి నుంచి గదే మాట."

ఆమె సద్ది గిన్నె పక్కన పెట్టి లేచి నా దగ్గరికి వచ్చి నిలబడింది. అతని వైపు తిరిగి, నా చెయ్యి పట్టుకుని, "చెప్పక్కా. నువ్వు చదివినవ్ గదా. ఈయనకు చెప్పు," అంది.

సిద్ధం చేసుకున్న వాక్యం నాలుక మీదికి వచ్చింది. ఆమె వేళ్ళు నా చేతి మీద ఉన్నాయి. గెలల ముళ్ళు గీరుకుపోయి గరుకుగా ఉండే వేళ్ళు. ఆ వేళ్ళతోనే చాటలో బియ్యం మీద మొదటి అక్షరం దిద్దింది, నా ముందే.

"లేదయ్యా," అన్నాను. "ఆ అధ్యాయం ఏ బుక్కుల గూడ లేదు. అంకె తప్పు పడ్డది. నేను చదవలే. చదవకుండనే చదివినని పెట్టిన."

అతను నవ్వబోయి ఆగిపోయాడు. గ్లాసు చేతిలోనే ఉండిపోయింది. ఆమె చెయ్యి నా చేతి మీద నుంచి జారలేదు, కానీ బరువు లేకుండా అయిపోయింది.

"మరి నల్లా కాడ సావదంటివి?"

"అబద్ధం చెప్పిన చెల్లె."

"అందరు పెట్టిన్రు గదా?"

"అందరం గంతే."

ఆమె అడిగింది, తిట్టడానికి కాదు, నిజంగా తెలుసుకోవడానికే అడిగింది:

"అంటే ఇన్ని దినాలు నేనొక్కదాన్నే చదివిన్నా?"

గూడ్సు బండి అని నవ్వాం. పట్టాల మీద ఇంకో బండే లేదు.

"అందరు చదువుతున్నరనే నేను చదివిన," అంది. "తోటల నడుం పడిపోతుంటె గూడ, అక్క పొద్దుగాలనే చదివింది, నేనింక చదవలేనా అని కూసునేదాన్ని." ఆమె లోపలికి వెళ్ళి, కవరుతో సహా పుస్తకాన్ని అటక మీదికి, పాత గోనెసంచుల వెనక్కి తోసేసింది. సద్ది తీసుకుని నన్ను దాటుకుని తోటకు వెళ్ళిపోయింది. భర్త ఎగతాళి చేసినా బాగుండుననిపించింది.

ఇంటికి వచ్చి మిషను ముందు కూర్చున్నాను గానీ సూదిలో దారం ఎక్కలేదు. నా పాపం నాదే అయితే మోకాళ్ళ మీద పడి ఏడ్చి లేచేదాన్ని. కానీ ఆమె ఏడాదిన్నర కష్టపడి నేర్చుకున్నది అటకెక్కింది. ఆమె మళ్ళీ దాన్ని దించకపోతే దానికి నేనే కారణం. శుక్రవారం వెళ్ళాను, ఇంట్లో లేదన్నారు. శనివారం నల్లా దగ్గర నన్ను చూసి ఖాళీ బిందెతో వెనక్కి మళ్ళింది. సాయంత్రం గ్రూపులో చూస్తే ఆమె అందులో లేదు. వెళ్ళిపోయింది.

ఆదివారం నా సాక్ష్యం ఉంది. నిలబడ్డాను. అలవాటుగా చప్పట్లు మొదలైతే ఆపమన్నాను. రిబ్బను ఎక్కడుందో చెప్పాను. ఫోనులో "చ" నొక్కితే మిగతాది దానంతట అదే వస్తుందని చెప్పాను. ఒకామె పేరు చెప్పకుండా, మన వల్ల ఒకరు భద్రాచలం దాకా పోయి నవ్వులపాలై వచ్చారని చెప్పాను. చెప్తుంటే నా గొంతు నాకే ఎవరిదోలా వినిపించింది. ఎవరూ నా వైపు చూడలేదు. అందరూ ఒళ్ళో ఉన్న పుస్తకాలు చూసుకుంటున్నారు.

వెనక వరసలోంచి ఒక పెద్దావిడ, సంఘంలో అందరికంటే వయసైనామె, నింపాదిగా అంది: "నా కండ్లద్దాలు పలిగి మూడు నెల్లయింది బిడ్డా. నా మనుమరాలు రోజు నా ఫోనుల కొడ్తనే ఉన్నది."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు మధ్యలోనే ఏడుపైంది. పాస్టరమ్మ గారు లేచి, "నేను కూడా," అని ఒక్కమాట అని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. ఆ రోజు పాట లేకుండానే ప్రార్థన చేసుకున్నాం. నెలల తర్వాత నేను ఏం ప్రార్థన చేశానో నాకు గుర్తున్న మొదటి ప్రార్థన అది. ఆ అటక మీది పుస్తకం కిందికి దిగాలని.

సోమవారం మధ్యాహ్నం మిషను ఆపి, పుస్తకం కొంగులో చుట్టుకుని తోటకు నడిచాను. వాన వెలిసి మట్టల మీది నుంచి నీళ్ళు రాలుతున్నాయి. సంచుల కుప్ప మీద నలుగురు కూలివాళ్ళు కూర్చుని తింటున్నారు. ఆమె ఒక పక్కగా ఉంది. నన్ను చూసి ముద్ద మింగి, చెయ్యి కడుక్కుంది. అక్కా అనలేదు.

"నిన్న మందిరంల చెప్పినవట," అంది.

"అవ్."

"నా పేరు చెప్పినవా?"

"లేదు."

"చెప్తే ఏమైతుండె? పోయింది నేనే గదా. నేనేం తప్పు చేసిన?" అంది. నిజమే. అది కూడా నాకు తోచలేదు. పక్కనున్నవాళ్ళు తినడం ఆపి చూస్తున్నారు.

ఆమె సద్ది సంచిలో చెయ్యి పెట్టింది. అన్నం గిన్నె కింద నుంచి, ప్లాస్టిక్ కవరులోంచి, తన బైబిల్ తీసింది. ఎప్పుడు దించింది? ఎందుకు దించింది? అడగడానికి భయమేసింది. తనే చెప్పింది.

"శుక్రారం నాడే దించిన. నువ్వు చదవకపోతే నేను మానెయ్యాల్నా అనిపించింది. ఐదోది లేకుంటే లేకపోనియ్. నాలుగోదాంట్ల ముసలామె మంచిగనే ఉన్నది. ఆన్నే ఆపిండు దేవుడు, సంపలే. తర్వాతిది మొదలుపెట్టిన." పుస్తకం నా ముందుకు జరిపింది. "ఇగో, ఇది. పిల్లల్లేక ఏడ్సే ఆమె కథ. నువ్వు చదువు, నేనింట."

బురదలో సంచి పరుచుకుని కూర్చుని చదివాను. పైకి, గట్టిగా, మునుపు మా ఇంట్లో చదివినట్టు. అధ్యాయం అయిపోయింది. ఆమె చెయ్యి చాపి పుస్తకం మూసేసింది.

"ఇప్పుడు చెప్పు. ఏం చదివినవ్?"

నోరు తెరిచాను. ఏమీ లేదు. అప్పుడే చదివిన అధ్యాయం, నా నోటితోనే చదివింది, లోపల ఒక్క వాక్యం లేదు. ఎవరో ఏడ్చారు. ఎవరో తిట్టారు. ఎందుకు? కళ్ళు, నోరు పనిచేశాయి. నేనెక్కడున్నాను? దేవుడు మన్నించుగాక, ఆ సమయంలో నేను ఆమె నన్ను క్షమించిందా లేదా అని ఆలోచిస్తున్నాను. అలవాటు చెడిపోవడం అంటే ఇదన్నమాట అనిపించింది.

"మల్ల చదువు," అంది.

కూలివాళ్ళలో ఒకావిడ, "పంతులమ్మకు పరీచ్చ పెడ్తుంది చూడు," అని నవ్వింది.

"పెట్టనీ," అన్నాను నేను.

మళ్ళీ చదివాను. మళ్ళీ పుస్తకం మూసింది. ఈసారి సగం చెప్పగలిగాను. ఏడ్చే ఆమెను తాగి ఉందనుకుని మందిరంలోని పెద్దాయన మందలించాడని చెప్పాను. "మరి ఆమె ఏమన్నది?" అని అడిగింది. తెలియలేదు. మూడోసారి చదివాక చెప్పాను. ఆమె తల ఊపి, పుస్తకాన్ని కవరులో పెట్టి, సంచి ఎత్తుకుని పండ్లేరడానికి లేచింది.

"రేపు ఒంటిగంటకు రా. ఆలస్యంగ వస్తే నేనుండ," అంది. ఆగి, "అక్కా," అని కలిపింది.

అప్పటి నుంచి రోజూ వెళ్తున్నాను. గ్రూపులో నేనేమీ రాయడం లేదు. ఆ గ్రూపు ఇంకా ఉందో లేదో చూడలేదు కూడా. తప్పు అంకె రాసిన ఆ చేతికి దేవుడు మేలు చేయుగాక. దాన్ని నిజమనుకుని బస్సెక్కిన మనిషిని నాకు చెల్లెలిగా ఇచ్చినందుకు రోజూ స్తోత్రం చెప్పుకుంటాను, నోటితో కాకుండా లోపలి నుంచి వచ్చిందో లేదో చూసుకుంటూ. ఇవాళ కూడా మా పరీక్ష జరిగింది. రెండుసార్లు చదవాల్సి వచ్చింది.